అల్యూమినియం నైట్రైడ్ ప్యాడ్లు: అనంతపురం ఎండల్లో వాడి చూశాక

20 × 25 మిల్లీమీటర్ల సైజు, 1 మిల్లీమీటరు మందం, ఒక చివర స్క్రూ పోయే రంధ్రం. చూడ్డానికి లేత బూడిద రంగు పింగాణీ బిళ్ల. ఐజీబీటీలు, మాస్ఫెట్‌లు అంటే ఎక్కువ కరెంటును ఆన్, ఆఫ్ చేసే ట్రాన్సిస్టర్లు. టీవో-247 సైజులో వచ్చే వాటి కింద, వేడిని గాలిలోకి వదిలే హీట్ సింక్ మీద పెట్టే ప్యాడ్ ఇది. వేడిని దాటించాలి, కరెంటును ఆపాలి. నాకు ఒక్కోటి 110 రూపాయలు పడింది. ఇదే సైజు తెల్ల అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడ్) బిళ్ల 15 రూపాయలకు వస్తుంది. సిలికాన్ రబ్బరు ప్యాడ్ అయితే 5 రూపాయలే. అల్యూమినాకు ఏడింతలు పెట్టి ఇది కొనాలా అని తోటి మెకానిక్‌లు చాలామంది అడుగుతున్నారు కాబట్టి ఇంత వివరంగా రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. వెల్డింగ్ మిషన్లు, ఒక్కో పార్టు మీద వేడి బాగా పడే పెద్ద డ్రైవ్‌లు (మోటారును నడిపే ఎలక్ట్రానిక్ పెట్టెలు) బాగుచేసేవాళ్లు తప్పకుండా కొనండి. 5 హెచ్‌పీ లోపు సోలార్ పంపు డ్రైవ్‌లకు అల్యూమినా బిళ్ల చాలు. రబ్బరు ప్యాడ్ మాత్రం మన ఎండలకు వద్దే వద్దు. ఇక బిళ్లకు పైన, కింద పూసే రెండు రూపాయల గ్రీజును నిర్లక్ష్యంగా పూసేవాళ్లు ఈ బిళ్ల కొన్నా డబ్బు దండగే.

నాన్నకు అనంతపురం టవర్ క్లాక్ దగ్గర మోటారు వైండింగ్ షాపు ఉంది. నేను ఎలక్ట్రానిక్స్‌లో డిప్లొమా చేసి, అదే షాపులో ఒక పక్కన బల్ల వేసుకుని డ్రైవ్‌లు, ఇన్వర్టర్లు, వెల్డింగ్ మిషన్లు బాగుచేస్తున్నాను. గార్లదిన్నె, నార్పల, శింగనమల వైపు నుంచి చీనీ (బత్తాయి) తోటల రైతులు వస్తారు. తాడిపత్రి నుంచి బండల పాలిష్ యూనిట్ల వాళ్లు వస్తారు. ట్రాక్టర్ ట్రాలీలు, గేట్లు కట్టే షెడ్ల నుంచి వెల్డింగ్ మిషన్లు వస్తాయి.

ఏప్రిల్, మే వచ్చిందంటే బల్ల మీద చోటుండదు. బయట 43 డిగ్రీలు ఉంటే, బోరు పక్కన ఎండలో నిలబెట్టిన రేకు డబ్బా లోపల 55, 60 ఉంటుంది. అందులో డ్రైవ్ పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం నాలుగు దాకా ఆగకుండా నడుస్తుంది. పైగా సోలార్ పంపుకు ఎండ ఎక్కువున్నప్పుడే పని ఎక్కువ. చుట్టూ వేడి ఎక్కువున్న గంటల్లోనే లోపలి పార్టుల మీదా లోడు ఎక్కువ. కాలిన బోర్డు విప్పితే ఐజీబీటీ కింద రబ్బరు ప్యాడ్ గట్టిపడి, అంచులు ముడుచుకుని, గోటితో గీరితే పొడిగా రాలుతుంది. కొత్త ఐజీబీటీ వేసి, మళ్లీ అలాంటి ప్యాడే పెట్టి పంపితే అది వానలదాకా నిలవడం కష్టం. చీనీ చెట్లకు మే నెలలో నీళ్లు ఆగితే పిందె రాలిపోతుంది. "ఏమ్మా, పోయినేడు కొత్తవి వేయించుకుంటి గదా, మళ్లీ ఎందుకు పాయ?" అని నార్పల పెద్దాయన ఒకరు అడిగితే, కంపెనీ ఏ ప్యాడ్ పెట్టి పంపిందో ఆయనకు చెప్పి ఏం లాభం? ఆయనకు నీళ్లు పారాలి. అక్కడి నుంచే ఈ ప్యాడ్ల సంగతి నేను పట్టుకుని కూర్చున్నాను.

ఒక పార్టు ఎంత వేడెక్కుతుందో కాగితం మీద లెక్క వేయడం కష్టమేమీ కాదు. టీవో-247 వెనక ఉండే రాగి పలక సుమారు 2 చదరపు సెంటీమీటర్ల మేర ఆనుతుంది. ఒక ఐజీబీటీలో 40 వాట్లు వేడిగా పోతోందనుకుందాం. మామూలు రబ్బరు ప్యాడ్ మీద ప్రతి వాట్‌కు దాదాపు 1 డిగ్రీ తేడా నిలుస్తుంది. అంటే ప్యాడ్‌కు పైన, కింద 40 డిగ్రీల తేడా. హీట్ సింక్ 80 డిగ్రీల్లో ఉంటే, ప్యాడ్ వల్ల 40, ఐజీబీటీ లోపలే ఇంకో 20 కలిసి, లోపలి సిలికాన్ చిప్ 140కి చేరుతుంది. చాలా ఐజీబీటీల హద్దు 150, కొన్నింటికి 175. మధ్యలో ఒక మేఘం వచ్చి పోయి, మోటారు ఆగి మళ్లీ ఎత్తుకునేటప్పుడు కరెంటు ఒక్కసారి పెరిగితే ఇంకేం మిగులుతుంది?

అదే చోట అల్యూమినియం నైట్రైడ్ బిళ్ల పెడితే, బిళ్ల మీద పడే తేడా 40 వాట్లకు 1 డిగ్రీ కంటే కాస్త ఎక్కువ, అంతే. దాని ఉష్ణవాహకత 170 వాట్లు, అంటే ఒక చదరపు మీటరు మేర, ఒక మీటరు మందానికి, ఒక డిగ్రీ తేడాకు పారే వేడి లెక్కలో. మామూలు 96 శాతం అల్యూమినాకు ఇది 24 దగ్గర ఉంటుంది. మైకాకు, అంటే అభ్రకపు రేకుకు, ఒకటి కూడా ఉండదు. హీట్ సింక్ చేసే అల్యూమినియం మిశ్రమానికే 200 చుట్టూ ఉంటుంది. కరెంటును అసలు పోనివ్వని పింగాణీ, వేడిని మాత్రం దాదాపు హీట్ సింక్ లోహమంత సులువుగా దాటిస్తుంది. ఈ ఒక్క గుణం కోసమే దీనికి ఇంత ధర.

అల్యూమినా బిళ్ల అయితే అదే 40 వాట్లకు 8 డిగ్రీలు తీసుకుంటుంది. ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పాలి. రెండు బిళ్లలకూ పైన, కింద గ్రీజు పూయక తప్పదు. మామూలు తెల్ల పేస్టు రెండు పొరలు కలిసి 40 వాట్లకు 10 డిగ్రీల దాకా మింగుతాయి. కాబట్టి మొత్తం కలిపితే నైట్రైడ్ దగ్గర 11, అల్యూమినా దగ్గర 18. చిప్ 111లో ఉందా, 118లో ఉందా అన్న తేడాకు ఒక డ్రైవ్‌లో ఆరు, ఎనిమిది బిళ్లలు వేసి 800 రూపాయలు రైతు మీద మోపడం నాకు సబబనిపించలేదు. రబ్బరు తీసేసి అల్యూమినా వేస్తేనే 22 డిగ్రీలు దిగుతోంది. 5 హెచ్‌పీ డ్రైవ్‌లో ఒక్కో ఐజీబీటీ మీద చాలాసార్లు 40 వాట్లు కూడా పడవు. అందుకే పంపు డ్రైవ్‌లకు నేను అల్యూమినానే వేస్తున్నాను.

వెల్డింగ్ మిషన్ దగ్గర లెక్క తిరగబడుతుంది. ఒక్కో పార్టు మీద 100 వాట్లు పడిందనుకోండి, నైట్రైడ్ దగ్గర 28 డిగ్రీలు, అల్యూమినా దగ్గర 46. అంటే 18 డిగ్రీల తేడా. మంచి పేస్టు పల్చగా పూస్తే నైట్రైడ్ దగ్గర 13, అల్యూమినా దగ్గర 31 వరకు వస్తాయి. అంటే అల్యూమినా దగ్గర ఉన్న వేడి తేడాలో సగం కూడా నైట్రైడ్ దగ్గర ఉండదు. మిషన్ మీద 60 శాతం డ్యూటీ అని రాసి ఉంటే 10 నిమిషాల్లో 6 నిమిషాలే ఆ కరెంటుతో అతికించాలని అర్థం. అది కూడా 40 డిగ్రీల గాలిని బట్టి వేసిన లెక్క. మన షెడ్లలో మధ్యాహ్నం అంతకంటే ఎక్కువే ఉంటుంది, ట్రాలీ అడుగు అతికించేవాళ్లు 6 నిమిషాలు చూసుకుని ఆపరు. అలాంటి మిషన్‌కు 18 డిగ్రీలు చాలా విలువైనవి.

లెక్క సరే, బల్ల మీద చూడాలి కదా. 20 వోల్టుల సప్లై మీద ఒక మాస్ఫెట్‌ను సగం తెరిచి, 2 ఆంపియర్లు పారేలా పెట్టి, 40 వాట్లు వేడిగా పోయేలా చేశాను. టీవో-247 మధ్య కాలు లోపల వెనక పలకకే కలిసి ఉంటుంది. అందుకని ఆ కాలు మొదట్లో, ప్లాస్టిక్‌కు ఆనుకుని థర్మోకపుల్ (వేడి కొలిచే తీగ) కొసను సోల్డర్ చేశాను. ఇంకోటి హీట్ సింక్‌లో, ప్యాడ్ పక్కనే సన్నటి రంధ్రం వేసి దూర్చాను. రెండు మీటర్లు చూపే డిగ్రీల మధ్య తేడా చూస్తే చాలు, చిప్ లోపలి సంగతి అక్కర్లేదు. రబ్బరు ప్యాడ్‌కు 40కి అటూ ఇటూ, గ్రీజుతో పల్చటి మైకాకు 27, అల్యూమినాకు 17, అల్యూమినియం నైట్రైడ్‌కు 11 వచ్చాయి. లెక్కకు ఇంత దగ్గరగా వస్తే మన కాగితం మీద మనకు నమ్మకం కలుగుతుంది. నాన్న పక్కనే కూర్చుని అంతా చూసి, "మైకా ఇన్నేళ్లు ఎంత చక్కగా పనిచేసింది తల్లీ" అన్నారు. మైకా మంచిదే. ఆయన కాలంలో ట్రాన్సిస్టర్ మీద అంత కరెంటు లాగేవాళ్లు కాదు.

ఇంతకీ ఈ పింగాణీలో వేడి ఎలా పారుతుంది? లోహాల్లో వేడిని ఎక్కువగా మోసేవి స్వేచ్ఛగా తిరిగే ఎలక్ట్రాన్లు. అల్యూమినియం నైట్రైడ్‌లో అవి లేవు, అందుకే కరెంటు పోదు. కానీ ఇందులో పరమాణువులు తేలికైనవి, వాటి మధ్య బంధాలు గట్టివి, అమరిక సాదాగా ఉంటుంది. ఒక పరమాణువు కంపనం పక్క పరమాణువుకు వెంటనే అందుతుంది. ఇల్లు కట్టే చోట వరుసగా నిలబడి ఇసుక తట్టలు చేతికి చేతికి అందించినట్టు. ఆ వరుసలో ఒక మనిషి లేకపోతే తట్ట అక్కడ తడబడుతుంది. ఆక్సిజన్ చేసే పని అదే. తయారీలో కొద్దిగా ఆక్సిజన్ లోపలికి చొరబడితే కొన్నిచోట్ల అల్యూమినియం పరమాణువుల స్థానాలు ఖాళీ అయిపోతాయి, వేడి అక్కడ చెదిరిపోతుంది. ఏ లోపమూ లేని స్ఫటికంలో 320 వరకు రావచ్చని శాస్త్రవేత్తల లెక్క. మనకు దొరికే పింగాణీలో 170, 200 దగ్గర ఆగిపోవడానికి ముఖ్య కారణం ఈ ఆక్సిజనే.

ధర ఎందుకంత అంటే, ఈ పొడికి తేమ తగిలితే పాడవుతుంది. నీళ్లతో కలిసి అల్యూమినియం హైడ్రాక్సైడ్‌గా మారి, అమోనియా వాయువు వదులుతుంది. అల్యూమినాను మామూలు గాలిలోనే 1600 డిగ్రీల దగ్గర కాల్చుకోవచ్చు. దీన్ని 1800 డిగ్రీల చుట్టూ, నైట్రోజన్ నింపిన కొలిమిలో కాల్చాలి. కాల్చేటప్పుడు కొద్దిగా ఇట్రియం ఆక్సైడ్ కలుపుతారు. అది రేణువుల మధ్య కరిగి వాటిని అతకడమే కాకుండా, లోపలున్న ఆక్సిజన్‌ను తన వైపు లాక్కుంటుంది. ఈ పదార్థాన్ని మొదట 1862లోనే తయారుచేశారు. ఇంత శుభ్రంగా కాల్చడం చేతికి వచ్చి ఎలక్ట్రానిక్స్‌లో అడుగుపెట్టేసరికి 1980ల నడుమ అయింది. అంతకు ముందు ఈ పనికి బెరీలియం ఆక్సైడ్ వాడేవాళ్లు. అది వేడిని ఇంకా బాగా పంపుతుంది కానీ దాని పొడి పీలిస్తే ఊపిరితిత్తులు పాడవుతాయి. పాత రేడియో ట్రాన్స్‌మిటర్లు విప్పేవాళ్లు తెల్ల పింగాణీ ఉన్న పవర్ ట్రాన్సిస్టర్‌ను పగలగొట్టొద్దు, ఆకురాయితో గీయొద్దు. ఇది నేను మా షాపులో పనిచేసే అబ్బాయికి మొదటిరోజే చెప్పిన మాట.

ఇప్పుడు అసలు బాధ. ఆన్‌లైన్‌లో నేను తెప్పించుకున్న ఒక ప్యాకెట్ మీద అల్యూమినియం నైట్రైడ్ అని రాసి ఉంది, లోపలున్నవి అల్యూమినా బిళ్లలు. ధర మాత్రం నైట్రైడ్‌దే. రంగు చూసి తేల్చడానికి లేదు. అల్యూమినా ఎక్కువగా తెల్లగా, నైట్రైడ్ బూడిద రంగులోనో లేత గోధుమ రంగులోనో ఉంటుంది కానీ, రంగు కలిపిన అల్యూమినా కూడా వస్తుంది. తూకం మాత్రం మోసం చేయదు. నైట్రైడ్ సాంద్రత ఘన సెంటీమీటరుకు 3.3 గ్రాములకు కొంచెం అటూ ఇటూ, అల్యూమినాది 3.7 నుంచి 3.9. 20 × 25 × 1 బిళ్ల ఘనపరిమాణం రంధ్రం కూడా కలుపుకుంటే అర ఘన సెంటీమీటరు. నైట్రైడ్ బిళ్ల 1.6 గ్రాములు, అల్యూమినా 1.9 గ్రాముల దగ్గర తూగాలి. కూరగాయల కాటా మీద ఇది తేలదు. మా వీధిలో బంగారం పని చేసే ఆచారిగారి మిల్లీగ్రాముల కాటా మీద పది బిళ్లలు ఒకేసారి పెట్టించాను. పది కలిసి పదహారు గ్రాముల చిల్లర రావాల్సింది, దాదాపు పందొమ్మిది వచ్చింది. ఆ ఫొటో పంపితే డబ్బులు వెనక్కి ఇచ్చారు, కానీ సీజన్‌లో పది రోజులు పోయాయి. కొనేటప్పుడు కొలతలు స్కేలుతో కాకుండా వెర్నియర్‌తో తీసుకోండి, మందంలో చిన్న తేడా వచ్చినా లెక్క తప్పుతుంది.

కాటా లేనివాళ్లకు ఇంకో దారి ఉంది, ఐసు ముక్క. బిళ్లను వేళ్లతో పట్టుకుని అంచును ఐసుకు ఆనించండి. నైట్రైడ్ అయితే వేళ్ల వేడి బిళ్ల గుండా వెంటనే దిగి, అంచు ఐసులోకి కోసుకుంటూ పోతుంది, వేళ్లకు చల్లదనం తెలుస్తుంది. అల్యూమినా అంత చురుగ్గా దిగదు. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తేనే తేడా తెలుస్తుంది, ఒక్కటే పట్టుకుని తీర్పు చెప్పకండి. ఇప్పుడు నేను బెంగళూరు ఎస్పీ రోడ్డులో ఒక షాపు దగ్గర, అక్కడే తూచి చూసి తెచ్చుకుంటున్నాను. ఆ షాపతను తూస్తానంటే చిరాకు పడలేదు, ఇంకా తన కాటానే ముందుకు జరిపాడు. అలాంటివాళ్ల దగ్గరే కొనాలి.

బిగింపు గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఈ బిళ్ల చెడేది ఎక్కువగా అక్కడే. ఇది గట్టిదే కానీ వంగదు. కింద ఒక ఇసుక రేణువు ఉండి పైనుంచి స్క్రూ బిగిస్తే టక్కుమని చీలుతుంది. చీలిక సన్నగా ఉంటే కంటికి కనపడదు, కరెంటు మాత్రం ఆ దారిలో హీట్ సింక్‌లోకి దూకుతుంది. మా ఊళ్లో ఆషాఢ గాలి మొదలైతే బల్ల మీద ప్రతి వస్తువూ దుమ్ము పట్టుకునే ఉంటుంది. అందుకని ఈ పని చేసేటప్పుడు షట్టరు సగం దించి, ఫ్యాన్ ఆపేస్తాను.

హీట్ సింక్‌ను మొదట గాజు పలక మీద పరిచిన 400 నంబరు ఎమెరీ పేపరు మీద, తర్వాత 600 మీద రుద్దండి. రంధ్రాల అంచుల్లో పైకి లేచిన లోహపు గరుకును పెద్ద డ్రిల్ బిట్ కొసతో చేత్తో తిప్పి తీసేయండి. స్టీలు స్కేలు అంచు నిలువుగా పెట్టి వెలుతురుకు ఎదురుగా చూస్తే, కింద నుంచి వెలుగు కనపడకూడదు. ఐపీఏతో (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) తుడవండి. సోడా, కాస్టిక్ కలిపిన నీళ్లతో హీట్ సింక్ కడిగే అలవాటు కొందరికి ఉంది. ఆ నీళ్లు ఈ బిళ్లకు తగలనివ్వొద్దు, క్షారం దీన్ని తినేస్తుంది.

గ్రీజు ఎంత పూయాలంటే, బిళ్ల రంగు లోపలి నుంచి కనపడేంత. నేను పాత ఏటీఎం కార్డు అంచుతో ఒక మూల నుంచి ఇంకో మూలకు ఒకే లాగులో గీస్తాను. పైన రాసుకున్న లెక్కలో 10 డిగ్రీలు తినేది ఈ పొరే అని గుర్తుంటే చెయ్యి దానంతటదే జాగ్రత్త పడుతుంది. 110 రూపాయల బిళ్ల పెట్టి, పైన వేలితో మందంగా మెత్తితే అల్యూమినాకూ దీనికీ తేడా ఉండదు. గ్రీజు పొర మధ్యలో గాలి బుడగ మిగిలితే ఇంకా నష్టం, గాలి వేడిని పంపే శక్తి గ్రీజుతో పోల్చినా చాలా తక్కువ.

టీవో-247లో స్క్రూ రంధ్రం ప్లాస్టిక్‌లోనే ఉంటుంది కాబట్టి స్క్రూ చుట్టూ వేరే బుష్ (కరెంటు పోనివ్వని ప్లాస్టిక్ తొడుగు) అక్కర్లేదు. దానికంటే చిన్నదైన టీవో-220 అయితే రంధ్రం లోహంలోనే ఉంటుంది, అక్కడ బుష్ లేకుండా ఎంత మంచి బిళ్ల పెట్టినా స్క్రూ గుండా షార్టే. బిళ్ల ఐజీబీటీ అంచులకు అన్ని పక్కలా రెండు మూడు మిల్లీమీటర్లు బయటికి ఉండాలి. పింగాణీ గుండా కరెంటు దూకడం జరగని పని, ఒక మిల్లీమీటరుకు 15 వేల వోల్టులు తట్టుకుంటుంది, మన డ్రైవ్‌ల లోపలి డీసీ వోల్టేజీ 600 లోపే. దూకేది అంచు మీదుగా, దుమ్ము, తేమ కలిసిన దారిలో. స్ప్రింగు క్లిప్ దొరికితే స్క్రూ కంటే అదే మేలు, చిప్ ఉన్న మధ్య భాగం మీదే నేరుగా నొక్కుతుంది, బిళ్ల ఒక పక్క ఎత్తుకోదు. స్క్రూ అయితే వాషర్ వేసి, డేటాషీట్ చెప్పిన టార్కు దాటకుండా బిగించండి. అయ్యాక 1000 వోల్టుల మెగ్గర్‌తో (కరెంటు కారుతోందో లేదో చూసే మీటరు) పలకకూ హీట్ సింక్‌కూ మధ్య చూడకుండా పవర్ ఇవ్వొద్దు. మా షాపులో ఇది జరగకుండా ఏ డ్రైవ్ బల్ల దిగదు.

ఇంకో హెచ్చరిక. చౌక వెల్డింగ్ మిషన్లలో చాలావాటిలో ఐజీబీటీలను హీట్ సింక్‌కు నేరుగా బిగించి, హీట్ సింక్‌నే ప్లాస్టిక్ మీద వేలాడదీస్తారు. ఆ హీట్ సింక్ మొత్తం కరెంటులోనే ఉంటుంది. అక్కడ ఏ ప్యాడూ అక్కర్లేదు, పెడితే వేడి పెరుగుతుంది. ముందు మీటర్ పెట్టి చూసుకోండి, చెయ్యి పెట్టి కాదు.

మందపాటి పింగాణీతో ఇంకో లాభం కూడా ఉంది, దాన్ని ఎవరూ చెప్పగా నేను వినలేదు. వెనక పలకకూ హీట్ సింక్‌కూ మధ్య ప్యాడ్ ఒక చిన్న కెపాసిటర్‌లా పనిచేస్తుంది. పల్చటి మైకాతో అది 200 పికోఫారడ్‌లు దాటుతుంది. 1 మిల్లీమీటరు నైట్రైడ్ బిళ్లతో 16 పికోఫారడ్‌ల దగ్గరే ఉంటుంది. సెకనుకు వేలసార్లు ఆన్, ఆఫ్ అయ్యే డ్రైవ్‌లో ఆ కెపాసిటర్ గుండా డబ్బాలోకి, ఎర్త్‌లోకి కారే కరెంటు అంతకంత తగ్గుతుంది. ఈ విషయంలో అల్యూమినా కూడా ఇంచుమించు ఇంతే మంచిది.

తాడిపత్రి పాలిష్ యూనిట్ నుంచి వచ్చిన ఒక పెద్ద డ్రైవ్‌కు ఇవి వేసి పంపాను. నెల తిరక్కుండా ఓవర్ హీట్ అని వెనక్కి వచ్చింది. విప్పి చూస్తే ప్యాడ్లు బాగానే ఉన్నాయి. హీట్ సింక్ రెక్కల మధ్య తడి బండ పొడి పేరుకుని గట్టి సిమెంటులా అతుక్కుపోయింది, ఫ్యాన్ గాలి లోపలికి పోయే దారే లేదు. వేడి బిళ్లను దాటి హీట్ సింక్‌లోకి వచ్చాక గాలిలోకి పోవాలి కదా. ఆ యూనిట్‌లో డ్రైవ్‌ను కోత మిషన్ నుంచి దూరంగా, వేరే గదిలో పెట్టించాక అది మళ్లీ నా దగ్గరికి రాలేదు.

వెల్డింగ్ మిషన్లలో మాత్రం ఈ బిళ్లలు నాకు పూర్తి తృప్తినిచ్చాయి. పోయిన ఎండాకాలం నుంచి ఇవి వేసి పంపిన వాటిలో ఐజీబీటీ కాలి తిరిగి వచ్చిన మిషన్ లేదు. వచ్చినవి కేబుల్ లగ్గులు ఊడి, ఫ్యాన్ ఆగి వచ్చినవే. గుత్తి రోడ్డులో ట్రాలీలు కట్టే ఒకాయన మిషన్ ఇంతకుముందు ప్రతి వేసవిలో రెండుసార్లు నా బల్ల మీదికి వచ్చేది. ఇప్పుడు ఆయన ఫోన్ చేస్తే కొత్త మిషన్ కొనడం గురించే.

పెద్ద ఐజీబీటీ మాడ్యూల్ (కొన్ని ఐజీబీటీ చిప్‌లు ఒకే డబ్బాలో ఉన్న పార్టు) కాలిపోతే దాన్ని ఒకసారి తెరిచి చూడండి. జెల్ కింద, రెండు రాగి పొరల మధ్య తెల్లటి పింగాణీ పలక కనిపిస్తుంది. చౌక మాడ్యూళ్లలో అది అల్యూమినా. రైలు ఇంజన్లలో వాడే 3300 వోల్టుల తరగతి మాడ్యూళ్లలో అల్యూమినియం నైట్రైడ్ పలక మామూలు విషయం. అక్కడ దీని ఇంకో గుణం కూడా పనికొస్తుంది. వేడికి ఇది వ్యాకోచించే తీరు సిలికాన్‌కు దగ్గరగా ఉంటుంది, డిగ్రీకి పది లక్షల్లో నాలుగున్నర వంతులు. అల్యూమినాది ఏడు దాకా, రాగిది పదిహేడు. చిప్‌ను పలక మీద సోల్డర్ చేసిన చోట, వేడెక్కి చల్లారిన ప్రతిసారీ లాగులాట తక్కువగా ఉంటుంది. మనం గ్రీజుతో పెట్టే విడి బిళ్లకు ఈ గుణంతో పనిలేదు, దీన్ని చూపించి ఎక్కువ ధర అడిగే అమ్మకందారు మాట వినకండి. ఎలక్ట్రిక్ కార్ల ఇన్వర్టర్లలో ఇప్పుడు సిలికాన్ నైట్రైడ్ చోటు చేసుకుంటోంది. వేడి పంపడంలో అది దీనికంటే తక్కువే, కానీ రెండింతలు గట్టిది, అందుకని పల్చగా చేసి వాడగలుగుతున్నారు. కర్నూలు దగ్గర గని, శకునాలలో ఉన్న 1000 మెగావాట్ల సోలార్ పార్కు లాంటి చోట్ల పనిచేసే కుర్రాళ్లు ఈ మాడ్యూళ్ల సంగతి నాకంటే బాగా చూసి ఉంటారు. మీ చేతిలోని ఫోన్‌లో సిగ్నల్ ఫిల్టర్లలోనూ ఇదే అల్యూమినియం నైట్రైడ్ ఉంటుంది, పల్చటి పొరగా. అక్కడ దాని పని వేరు, కరెంటుకు కంపించడం.

కొనేవాళ్లకు రెండు మాటలు. ప్యాకెట్‌లో బిళ్లలు ఒకదానిమీద ఒకటి వదులుగా పడేసి పంపితే మూలలు విరుగుతాయి. మూల విరిగినది ఎంత చిన్న పెచ్చు అయినా పక్కన పెట్టేయండి, బిగించేటప్పుడు చీలిక అక్కడి నుంచే మొదలవుతుంది. రంధ్రం సరిపోలేదని డ్రిల్ పెట్టొద్దు, ఆకురాయితో అరగదీయొద్దు. పగిలిపోతుంది, పైగా ఆ పొడి ఊపిరిలోకి పోకూడదు. 0.635 మిల్లీమీటర్ల పల్చటి రకం కూడా దొరుకుతుంది, వేడి లెక్కలో బాగుంటుంది కానీ స్క్రూ బిగింపులో ఎక్కువ పగులుతుంది. క్లిప్ ఉన్న మిషన్లకు అది తీసుకోండి, స్క్రూ ఉన్నవాటికి 1 మిల్లీమీటరుదే. టీవో-220 సైజువి నేను తెప్పించలేదు. ఆ సైజు పార్టుల మీద మా దగ్గరికి వచ్చే మిషన్లలో 15, 20 వాట్లకు మించి పడదు, వాటికి 15 రూపాయల అల్యూమినా, బుష్, పల్చగా పూసిన గ్రీజు సరిపోతున్నాయి.